ఎముక ఒప్పుకోలేదు

డాక్టర్ ఫణికిరణ్‌కి సొంత క్లినిక్ లేదు. ఉన్నదల్లా ఒక స్కూటరూ, దాని మీద కాళ్ల మధ్య నిలబెట్టుకునే ఒక పెట్టే. ఇంప్లాంట్లు పెట్టడానికి కావలసిన సరంజామా అంతా ఆ పెట్టెలోనే ఉంటుంది. చిక్కడపల్లిలో ఒకటి, నారాయణగూడలో ఒకటి, అశోక్‌నగర్‌లో ఒకటి, మొత్తం మూడు క్లినిక్కుల వాళ్లు అవసరం పడ్డప్పుడు ఫోన్ చేస్తారు. ఇతను వెళ్లి, పేషెంటు దవడ ఎముకలో డ్రిల్లుతో రంధ్రం చేసి, అందులో టైటానియం స్క్రూ బిగించి, పెట్టె సర్దుకుని వెళ్లిపోతాడు. ఆ స్క్రూ ఎముకలో పట్టుకున్నాక దాని మీద పన్ను తొడిగేది క్లినిక్ డాక్టరు. అందుకని పన్ను నిలిస్తే పేరు క్లినిక్‌ది. ఊడితే మాత్రం "బయటినుంచి ఎవరో వచ్చి పెట్టారండీ" అంటారు. ఇందులోని న్యాయాన్యాయాల గురించి ఆలోచించడం ఫణికిరణ్ ఎప్పుడో మానేశాడు.

అతను ఆలోచించేదల్లా వేడి గురించి. ఎముకలో డ్రిల్లు తిరిగితే రాపిడి పుడుతుంది, రాపిడితో పాటు వేడీ పుడుతుంది. ఆ వేడి నలభై ఏడు డిగ్రీలకు చేరి ఒక్క నిమిషం నిలిచిందంటే రంధ్రం చుట్టూ ఉన్న ఎముక చచ్చిపోతుంది. పేషెంటుకి తెలియదు, దవడ మత్తులో ఉంటుంది కాబట్టి. డాక్టరుకీ తెలియదు, ఎందుకంటే చచ్చిన ఎముకా బతికిన ఎముకా ఆ పూటకి ఒకేలా కనిపిస్తాయి. కొన్ని వారాలు పోయాక అసలు సంగతి బయటపడుతుంది. నొప్పి ఉండదు, చీము ఉండదు. స్క్రూ మాత్రం వేళ్లతో తిప్పితే సీసా మూతలాగా ఊడి చేతికొస్తుంది. అలా కాకూడదనే డ్రిల్లు తిరుగుతున్నంత సేపూ దాని మీద సెలైన్ నీళ్లు ధారగా పడేలా చూస్తారు.

ఈ విషయంలో ఫణికిరణ్‌కి నిష్ఠ ఉంది, నిష్ఠ కన్నా కాస్త ఎక్కువగా గర్వమూ ఉంది. డ్రిల్లుని దించుతాడు, తీస్తాడు, మళ్లీ దించుతాడు, నొక్కిపెట్టి తిప్పడు. మొద్దుబారిన డ్రిల్లు అతని పెట్టెలో ఉండదు. తోటి డాక్టర్లెవరైనా అయిదు నిమిషాల్లో ఇంప్లాంట్ పెట్టేశామని చెప్పుకుంటే, "ఎముకని వేయించారా, ఉడకబెట్టారా?" అని అడిగి వాళ్ల ముఖాలు మాడ్చేవాడు. అందుకే అతనికి స్నేహితులు తక్కువ.

చిక్కడపల్లి క్లినిక్ డాక్టర్ వేదవతిది. లైబ్రరీకి నాలుగడుగుల అవతల, మేడ మీద ఉంటుంది. ఏలూరు పిల్ల, పెళ్లై ఈ పేటకి వచ్చింది, ఇక్కడే జుట్టు నెరిసింది. ఫణికిరణ్ తన జీవితంలో మొదటి పన్ను పీకింది ఆవిడ పక్కన నిలబడే. పేటలో ఆవిడకి నొప్పి తెలియనివ్వని డాక్టరమ్మ అని పేరు. మంత్రమేమీ లేదు. ఇంజెక్షన్ మందుని కాసేపు గుప్పిట్లో పట్టుకుని, ఒంటి వేడికి వచ్చాకే పొడుస్తుంది. పొడిచేటప్పుడు మీ అబ్బాయి ఏం చదువుతున్నాడని అడుగుతుంది. జవాబు చెప్పాలంటే నోరు ఖాళీ లేదు కాబట్టి పేషెంటు జవాబు గురించే ఆలోచిస్తూ సూదిని మర్చిపోతాడు.

ఆ పేట ఇళ్లలో ఫ్రిజ్‌కి కవరుంటుంది, మిక్సీకి కవరుంటుంది, టీవీ రిమోట్‌కి కూడా ప్లాస్టిక్ తొడుగుంటుంది. వేదవతి క్లినిక్కూ ఆ బాపతే. ఎక్స్-రే మిషను మీద పూలగుడ్డ, కంప్యూటరుకి కుచ్చుల కవరు, చివరికి స్టాండుకి వేలాడే సెలైన్ సీసాకి కూడా టర్కీ టవలుతో కుట్టిన ఒక తొడుగు. మొదటిసారి చూసినప్పుడు ఫణికిరణ్ నవ్వుకున్నాడు. తర్వాత అది అతని కంటికి ఆనడం మానేసింది.

ఆ క్లినిక్‌లోనే ఇంప్లాంట్లు ఊడడం మొదలైంది.

మొదట బాగ్ లింగంపల్లి నుంచి వచ్చే అనసూయమ్మ గారిది. ఆ తర్వాత విశ్వేశ్వరరావు అని రిటైరైన బ్యాంకాయనది. ఆ తర్వాత కుమారస్వామిది. అందరివీ కింది దవడవే. పై దవడలో పెట్టినవన్నీ నిక్షేపంగా ఉన్నాయి. నారాయణగూడలోనూ అశోక్‌నగర్‌లోనూ ఇదే చేత్తో, ఇవే డ్రిల్లులతో పెట్టినవి ఒక్కటీ కదల్లేదు. కింది దవడ ఎముక గట్టిది కాబట్టి వేడి ఎక్కువ పుడుతుందన్నది ఫణికిరణ్‌కి కొత్త సంగతేం కాదు. కానీ కింది దవడలు మిగతా రెండు పేటల్లోనూ ఉన్నాయి కదా! మోటారు మార్చి చూశాడు. డ్రిల్లులు కొత్తవి కొన్నాడు. వేదవతి దగ్గర చాలా ఏళ్లుగా నర్సుగా ఉన్న మంజుల నీళ్ల పంపు సరిగ్గా నడపడం లేదేమోనని అనుమానపడి, ఆవిడ మీద నాలుగుసార్లు విసుక్కున్నాడు కూడా. మంజుల మారుమాట్లాడలేదు కానీ అతనికి చాయ్ తెప్పించడం మానేసింది.

ఎందుకు ఊడిందని పేషెంట్లు అడుగుతారు. అడగడం వాళ్ల హక్కు. వాళ్లకి చెప్పడానికి ఫణికిరణ్ దగ్గర ఒక మాట ఉంది. "చేసేదంతా సరిగ్గానే చేశామండీ. మీ ఎముక ఒప్పుకోలేదు. కొందరి ఎముకలో బలం ఉండదు." ఇది చెప్పేటప్పుడు గొంతులో విచారం పలికించేవాడు. విచారం నిజమైనదే. మాట సంగతి వేరు. ఎందుకు ఊడిందో అతనికి తెలియదు. అయినా ముగ్గురికీ అదే మాట చెప్పాడు, ముగ్గురూ తలూపి వెళ్లిపోయారు. మన ఎముక గురించి డాక్టరు చెడ్డగా చెప్తే కాదని ఎలా అంటాం?

కుమారస్వామి అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ సెంటర్లో పాలిటీ చెప్తాడు. సిద్దిపేట దగ్గరి మనిషి. మైకు లేకుండా నాలుగొందల మందికి వినబడే గొంతు. స్కూటర్ మీంచి పడి కింది వరసలో ముందు పన్ను పోయింది. పెట్టుడు పన్ను పెట్టించుకుంటే, ఒకరోజు ప్రాథమిక హక్కులు చెప్తుండగా అది ఊడి ముందు బెంచీ మీద పడింది. ఆ పిల్లలు నవ్వకుండా ఆపుకున్నారట, అది మరీ అవమానంగా ఉందన్నాడు. అందుకే ఇంప్లాంట్ కోసం వచ్చాడు. అదీ ఊడింది. పోయినచోట ఎముక మానేదాకా నెలల తరబడి ఆగి, ఇప్పుడు మళ్లీ వచ్చాడు. ఎక్స్-రే చూస్తే అక్కడ మిగిలిన ఎముక ఇంకొక్క స్క్రూకి సరిపోతుంది. ఇది కూడా పోతే మరో ప్రయత్నానికి చోటు లేదు.

"ఈసారన్న ఒప్పుకుంటదా సార్ నా బొక్క?" అని అడిగాడు కుమారస్వామి.

"చూద్దామండి" అన్నాడు ఫణికిరణ్.

కుమారస్వామి మెట్లు దిగి వెళ్లాక వేదవతి తలుపు దగ్గరగా వేసింది. "ఇదొక్కటీ చూద్దాం ఫణీ. ఇదీ ఊడితే ఇంక నా పేషెంట్ల దవడలో డ్రిల్లు పెట్టించను. నీ చేత కూడా పెట్టించను. ఏమీ అనుకోకు."

ఆవిడ కోపంగా అని ఉంటే ఫణికిరణ్ వాదించేవాడే. మెల్లగా అన్నది. చేయి పట్టుకుని పని నేర్పిన మనిషి ఆ చేతిని నమ్మనని చెప్తుంటే అతనికి తల తీసేసినట్టయింది. ఇంటికి వెళ్లి భోజనం కూడా సరిగ్గా చేయలేదు.

సరే, తన చెయ్యే దోషమో కాదో తేల్చేద్దామనుకున్నాడు. సుల్తాన్ బజార్ వెనక ఎలక్ట్రానిక్స్ కొట్లలో తిరిగి వెంట్రుకంత సన్నటి తీగలున్న థర్మామీటర్ ఒకటి కొన్నాడు. తీగ కొస ఎక్కడ తగిలితే అక్కడి వేడి మీటర్ మీద అంకెల్లో కనిపిస్తుంది. బతికున్న మనిషి దవడలో తీగ గుచ్చలేం కాబట్టి నారాయణగూడ మార్కెట్లో మేక దవడలు అడిగాడు. కొట్టువాడు తలకాయ మొత్తం తీసుకొమ్మని బలవంతపెట్టాడు, దవడ ఒక్కటే వండితే రుచి రాదని బోధించాడు. నారాయణగూడ క్లినిక్ వెనక గదిలో ఆ దవడని నోటి వేడికి కాచిన నీళ్లలో మునగబెట్టి, రంధ్రం చేసే చోటికి పక్కనే రెండు తీగలు గుచ్చి, ఎప్పటిలాగే డ్రిల్లు దించాడు. ముప్ఫై తొమ్మిది. ఇంకోసారి, నలభై. ఎంత గట్టి చోట తొలిచినా నలభై ఒకటి దాటలేదు.

తప్పు చేతిది కాదని తేలింది. మరి చిక్కడపల్లి గాలిలో ఏమన్నా ఉందా? ఆదివారం క్లినిక్ మూసి ఉన్నప్పుడు వేదవతిని తాళాలడిగాడు. ఆవిడ ఉల్లిపాయ కూడా తినని మనిషి. మేక దవడ అనగానే చీర కొంగు ముక్కు దగ్గరికి పోయింది. డెట్టాల్‌తో రెండుసార్లు కడగాలన్న షరతు మీద తాళాలిచ్చింది. పేషెంట్లకి వాడే అదే కుర్చీ, అదే పంపు, అదే కరెంటు. అక్కడా నలభై దగ్గరే ఆగింది.

ఫణికిరణ్ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. చేయి మంచిది, డ్రిల్లు మంచిది, పంపు మంచిది. ఇక మిగిలింది ఎముకే. అంటే పేషెంట్లకి తను చెప్పిన మాట అబద్ధం కాదన్నమాట. చెప్పినప్పుడు తెలియకపోతేనేం, ఇప్పుడు తేలింది కదా. ఆ సంతోషంలో నారాయణగూడ చౌరస్తాలో చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్లు పొట్లం కట్టించుకున్నాడు. సోమవారం ఆ పొట్లం మంజులకిచ్చాడు. ఆవిడ తీసుకుని బల్ల మీద పెట్టింది, విప్పలేదు.

కుమారస్వామి వంతు ఆ వారంలోనే వచ్చింది. కుర్చీలో వాలాడు. మంజుల అతని ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పింది. నోరు తప్ప ఇంకేమీ కనబడదు. ఫణికిరణ్ గ్లోవ్స్ వేసుకుని నిలబడ్డాడు. వేదవతి ఎప్పటిలాగే లోపలి గదిలోంచి తొడుగేసిన సెలైన్ సీసా తెచ్చి స్టాండుకి తగిలించింది. తర్వాత ఇంజెక్షన్ మందు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

గుడ్డ కింది నుంచి కుమారస్వామి గొంతు వచ్చింది. "మేడం, ఇయ్యాల గూడ గా వెచ్చటి నీళ్లేనా?"

"అవునండీ. ఎందుకలా అడిగారు?"

"ఏం లేదు. వేరే పన్నుకు సిమెంటు పెట్టించుకుందామని మా గల్లీల ఒక డాక్టర్ కాడికి పోయిన. ఆయిన నీళ్లు కొడితే పండ్లన్ని జివ్వుమన్నయ్, పానం పోయినంత పనైంది. మీ కాడ మస్తు హాయిగుండె. గొంతులకు దిగినా మంచిగ అనిపిస్తుండె. గందుకే అడిగిన."

"మీకేం ఇబ్బంది ఉండదండీ" అన్నది వేదవతి. ఆవిడ ముఖంలో సంతోషం దాగలేదు.

ఫణికిరణ్ చేతిలో ఏముందో అతనికే గుర్తు లేదు. సీసా వైపు చూశాడు. టర్కీ టవలు తొడుగు, అంచున నీలం దారంతో కుట్టు. ఇన్నాళ్లూ దాన్ని చూశాడు. దుమ్ము పడకుండా అనుకున్నాడు, మిక్సీ కవరు లాంటిదే అనుకున్నాడు. వేళ్లకి నీళ్లు తగిలి ఉండవా అంటే తగిలే ఉంటాయి. రెండు గ్లోవ్స్ మీంచి, నోటి వేడిలో, నీళ్లు వెచ్చగా ఉన్నాయని ఎవరికి తడుతుంది? మేక దవడని నోటి వేడికి తేవడానికి అంత జాగ్రత్తపడ్డాడు. దాని మీద పోసిన సెలైన్ మాత్రం ఆదివారం మూసున్న క్లినిక్‌లో, బీరువాలోంచి తీసిన చల్లటి సెలైన్. అది వెచ్చబెట్టే మనిషి ఆ రోజు ఇంట్లో ఉంది.

"మంజులగారూ, నా బ్యాగులో మీటరుంది, తీస్తారా? పంపు ఒకసారి గిన్నెలోకి వదలండి."

మంజుల పంపు నొక్కింది. స్టీలు గిన్నెలో నీళ్లు నిండాయి. తీగ ముంచితే అంకెలు గబగబా పెరిగి నలభై నాలుగు దగ్గర నిలిచాయి.

"ఏంటి ఫణీ?" అన్నది వేదవతి.

ఇక్కడ ఫణికిరణ్ చేసిన పని గొప్పదేం కాదు. ఏమీ లేదు మేడం, ఇవాళ మామూలు సీసా వాడదాం, అన్నాడు. పేషెంటు చెవులు మూయలేదు కదా, తర్వాత చెప్పొచ్చు అనుకున్నాడు. ఆ తర్వాత అన్నది ఎప్పుడో మాత్రం అనుకోలేదు. ఒకటి నిజం, ఆ క్షణాన అతనికి ఆవిడ మీద కోపం రాలేదు, జాలి వేసింది. తన మీద తనకి అనుమానం పోయినందుకు లోపల ఎక్కడో హాయిగా కూడా ఉంది.

వేదవతి వదలలేదు. "చల్లటివి తగిలితే పళ్లు లాగేస్తున్నాయని ఒకావిడ ఏడ్చేసిందయ్యా, కిందటేడాది చలికాలానికి ముందటి చలికాలం. అప్పట్నించీ సీసాని వేడినీళ్ల గిన్నెలో పెట్టి, చల్లారకుండా తొడుగేసి తెస్తున్నాను. దాంతో ఏమైంది?"

"వెచ్చటి నీళ్లు వేడిని లాక్కోలేవు మేడం."

"లాక్కోకపోతే ఎముక దగ్గర ఎంతుంటుంది?"

అతను తీగని గిన్నెలోంచి తీసి తుడవసాగాడు.

"ఎంతుంటుంది ఫణీ?"

"గట్టి ఎముకైతే యాభై దాకా వెళ్లొచ్చు."

ఆవిడ స్టాండు దగ్గరికి వెళ్లింది. సీసాకున్న తొడుగు విప్పింది, మడతపెట్టి చేతిలో పట్టుకుంది. అనసూయమ్మ గారిదీ, విశ్వేశ్వరరావు గారిదీ లెక్క వేసుకుంటోందని ఫణికిరణ్‌కి అర్థమైంది. కింది దవడలు, ఆ చలికాలం తర్వాత పెట్టినవే. లెక్క వేయడానికి ఆవిడకి ఎక్కువ సేపు పట్టలేదు. వచ్చి కుర్చీ పక్కన నిలబడి, పేషెంటు ముఖం మీది గుడ్డ తొలగించింది. గుడ్డ కప్పి ఉండగా చెప్పదలుచుకోలేదు కాబోలు.

"కుమారస్వామి గారూ, పోయినసారి మీ పన్ను ఊడింది నా వల్లనండీ. నీళ్లు వెచ్చబెట్టింది నేను. ఆ వేడికి ఎముక దెబ్బతింది. మీకు హాయిగా ఉండాలని చేశాను, అది మీకు చెరుపు చేసింది. ఈసారి చల్లటి నీళ్లే. జివ్వుమంటుంది, ఓర్చుకోవాలి. వద్దు, ఇంకో చోటికి వెళ్తానంటే నేనే మంచి డాక్టరు పేరు చెప్తాను."

కుమారస్వామి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "కానీయిర్రి" అని మళ్లీ వాలాడు.

మామూలు సీసా తగిలించారు. మత్తు ఎక్కాక ఫణికిరణ్ డ్రిల్లు దించాడు, తీశాడు, మళ్లీ దించాడు. నీళ్లు పై పళ్లకి తగిలినప్పుడల్లా కుమారస్వామి కాళ్లు ముడుచుకున్నాడు. వేదవతి ఎవరి అబ్బాయి గురించీ అడగలేదు. తల పట్టుకుని నిలబడింది, అంతే. స్క్రూ బిగిసింది. గట్టిగానే బిగిసింది, కానీ పోయినసారీ గట్టిగానే బిగిసింది కాబట్టి ఎవరూ సంతోషించలేదు.

కుమారస్వామి లేచి కూర్చుని, నోరు పుక్కిలించి, మొద్దుబారిన పెదవి తుడుచుకున్నాడు.

"సార్, ఒక ముచ్చట అడుగుత. పోయినసారి మీరు నా బొక్కల బలం లేదన్నరు. యాదికున్నదా?"

"ఉందండి."

"ఇప్పుడు జెప్పుర్రి. బలం ఉన్నట్టా, లేనట్టా?"

"ఉంది. మామూలు వాళ్లకన్నా గట్టి ఎముక మీది. అందుకే వేడి ఎక్కువ పుట్టింది."

"అప్పటి సంది నేను కుర్సీల కూసొని పాఠం జెప్తున్న సార్. ఇరవై ఏండ్ల సంది నిలవడి జెప్పినోన్ని. ఏడ పడితే ఏడ ఇరుగుతదో అని బండి నడుపుడు బంద్ జేసిన. పోరగాండ్లు సార్ ముసలోడైండని అనుకుంటుర్రు. మా ఇంటామె రోజు రాగి జావ తాగిపిస్తది. నాకు రాగి జావ అంటెనే పడది."

"తప్పు నాదేనండీ..." అని వేదవతి అందుకోబోయింది.

"మీరు ఊకోర్రి మేడం. మీరు నాకు మంచిగుండాలెనని నీళ్లు కాచిర్రు. తెల్వక జేసిర్రు, దానికేం జేస్తం? సార్‌కు గూడ తెల్వదు. తెల్వదని ఒక్క మాట జెప్తే అయిపోతుండె గద. తెల్వకుంటనే నా బొక్కను బద్నాం జేసిండు."

గొంతు పెంచలేదు. నాలుగొందల మందికి వినిపించగల గొంతుని అంత చిన్నగా చేసి మాట్లాడడం ఫణికిరణ్ అప్పుడే విన్నాడు. ఆ సమయానికి మన దగ్గర ఉన్న సమాచారం, అని ఒక వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ సమయానికి తన దగ్గర సమాచారమేమీ లేదని గుర్తొచ్చి దాన్ని మింగేశాడు. కుమారస్వామి చెప్పులేసుకుని, మంజులకి నమస్తే పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం మళ్లీ మేక దవడ వచ్చింది. ఈసారి వేదవతి కూడా వచ్చి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పక్కన నిలబడింది. సీసాని ఎప్పటిలాగే వెచ్చబెట్టమని ఆవిడనే అడిగాడు ఫణికిరణ్. అదే చేత్తో, అదే డ్రిల్లుతో రంధ్రం చేశాడు. యాభై ఒకటి చూపించింది మీటరు. డ్రిల్లు పైకి తీశాక కూడా అంకె దిగడానికి నిమిషం పైనే పట్టింది. వేదవతి ఆ అంకె దిగినంత సేపూ చూసింది. తర్వాత తనే డెట్టాల్ సీసా తెచ్చి బల్ల కడిగింది.

మర్నాడే ఆవిడ అనసూయమ్మ గారికీ విశ్వేశ్వరరావు గారికీ ఫోన్ చేసి నీళ్ల సంగతి చెప్పేసింది. ఫణికిరణ్ చేయలేదు. కుమారస్వామి స్క్రూ నిలిస్తేనే కదా ఇది రుజువయ్యేది, అప్పుడు చెప్తే అర్థముంటుంది, అని తనకి తను చెప్పుకున్నాడు. శాస్త్రం తెలిసిన వాళ్లకి వాయిదాలకు కారణాలు కూడా శాస్త్రీయంగానే దొరుకుతాయి. వారాలు గడిచాయి. తర్వాత నెలలు గడిచాయి.

స్క్రూ పట్టింది. పరీక్ష రోజున వేదవతి దాన్ని చిన్న రెంచీతో తిప్పి చూసింది, గోడలో మేకులా కదలకుండా ఉంది. పన్ను తొడిగింది. కుమారస్వామి అద్దంలో చూసుకుని, ఆవిడకి రెండు చేతులా దండం పెట్టాడు. ఫణికిరణ్ వైపు చూసి "వస్త సార్" అన్నాడు, మర్యాదకి లోటు లేకుండా.

అతను వెళ్లాక వేదవతి చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే అన్నది. "నా తప్పు నేను చెప్పేశాను ఫణీ. నీది నేను చెప్పలేదు. అది నేను చెప్పేది కాదు."

ఫణికిరణ్ పెట్టె తీసుకుని మెట్లు దిగాడు. స్కూటర్ దగ్గర నిలబడి ఫోన్ తీశాడు. ముందు విశ్వేశ్వరరావు గారికి చేసి చెప్పాడు, ఆయన నవ్వేసి, ఎముక సంగతి తను నమ్మనే లేదన్నారు. తర్వాత అనసూయమ్మ గారికి చేశాడు.

"ఎవరూ?"

"నేను డాక్టర్ ఫణికిరణ్‌నమ్మా."

"ఏ ఫణికిరణ్ నాయనా?"

"వేదవతి మేడం దగ్గర మీకు పన్ను పెట్టాను. ఊడింది కదా, అది."

"ఓ, నువ్వా! ఆవిడ ఫోన్ చేసి చెప్పారులే నీళ్ల సంగతి. పాపం ఎంత బాధపడ్డారో."

"నీళ్ల సంగతి కాదమ్మా. అప్పుడు మీ ఎముకలో బలం లేదని చెప్పాను నేను. అది నిజం కాదు. ఎందుకు ఊడిందో నాకప్పుడు తెలియదు. తెలియకుండానే చెప్పాను. మీ ఎముక బాగుందమ్మా, మొదటినుంచీ బాగానే ఉంది."

అవతల కుక్కర్ కూత వినిపించింది. ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చినట్టుంది.

"అంటే నా ఎముకలకేం లేదా?"

"ఏం లేదమ్మా."

"మా మనవరాలు పుట్టిన కొత్తలో అన్నావు నాయనా ఆ మాట. ఎత్తుకుంటే చేతుల్లోంచి ఎక్కడ జారిపోతుందోనని భయం నాకు. ఎవరైనా తెచ్చి ఒళ్లో పడుకోబెడితే చూసుకునేదాన్ని, అంతే. నాకు పిల్లంటే ఇష్టం లేదనుకుంది మా కోడలు. ఏమని చెప్పను? ఎముకల్లో బలం లేదని చెప్పుకోడానికి సిగ్గేసింది."

"ఇప్పుడు నిశ్చింతగా ఎత్తుకోండమ్మా. ఏం కాదు."

"ఇప్పుడేం ఎత్తుకుంటాను నాయనా" అన్నది ఆవిడ, "అది పరిగెడుతోంటేను."